రహమత్‌బీ గాజుల అంగడి ఎదురు

ఆన్‌లైన్ షాపింగ్ వచ్చి చిన్న అంగళ్లను ముంచేసిందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆన్‌లైన్ వచ్చాకే కదండీ, చిన్న వ్యాపారికి దశ తిరిగింది!

నమ్మరా? మా ప్రొద్దుటూరు సంగతి వినండి. మా వీధి మొదట్లో రహమత్‌బీ గాజుల అంగడి. వ్యాపారం పెరగాలంటే పేరు, నమ్మకం, జనం రాకపోకలు ఉండాలని సెల్‌ఫోన్ వీడియోల్లో కోటు తొడుక్కున్న నిపుణులు చెబుతుంటారు. ఆ మూడింటినీ రహమత్‌బీకి పైసా ఖర్చు లేకుండా సమకూర్చిపెట్టింది ఆన్‌లైనే.

ముందు పేరు. మా వీధిలో ఇంటి నంబర్లకు వరసంటూ లేదు. అందుకని ఆర్డరు పెట్టే ప్రతివాళ్లూ అడ్రసులో "రహమత్‌బీ గాజుల అంగడి ఎదురు" అని రాస్తారు. పక్కింటివాళ్లూ ఎదురే, వెనకింటివాళ్లూ ఎదురే! బెంగుళూరు గోడౌన్లలో కూడా రోజూ ఆమె పేరు చదువుతున్నారు. ఇంత ప్రచారం ఎవరికైనా ఊరికే దొరుకుతుందా?

ఇక నమ్మకం. పగటిపూట సగం ఇళ్లకు తాళాలే కాబట్టి, పార్సిళ్లు తెచ్చే షహబాజ్ అన్నీ ఆమె అంగట్లోనే దించిపోతాడు. మిక్సీలు, చీరలు, ఒకసారి ఎవరిదో మంచం కూడా. చోటు చాలక ఆమె తన గాజుల పెట్టెలను ఇంటికి తీసుకుపోయింది. అంగడన్నాక నిండా సరుకుండాలంటారు. ఉంది! ఆమెది కాదు, అంతే.

జనం సంగతి చెప్పనే అక్కర్లేదు, రోజూ తిరునాళ్లే. పార్సిలు తీసుకునేవాళ్లు, వాపసు పంపేవాళ్లు. గాజులు ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లు కూడా ముందు ఆమె దగ్గరికొచ్చి, చెయ్యి చాపి సైజు అడిగిపోతారు. వచ్చిన గాజులు బొటనవేలి దగ్గర ఇరుక్కుంటే మళ్లీ ఆమె దగ్గరికే పరుగు. సబ్బునీళ్లు రాసి, మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా ఎక్కిస్తుంది. వీళ్లు ఆ చేతిని ఫోటో తీసి కంపెనీకి ఐదు స్టార్లు ఇస్తారు.

ఈ భాగ్యం ప్రొద్దుటూరుకే పరిమితం కాదు. జమ్మలమడుగులో బదరీనారాయణ చెప్పుల అంగడికి పోయి చూడండి. ఆయన చేత పది జతలు దింపించి, కాలికి సరిపోయిన సైజు తెలుసుకుని, ఆయన ఫ్యాను కిందే కూర్చుని ఫోన్లో ఆర్డరు పెడతారు. పులివెందులలో నాకు తెలిసిన బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. అందరూ తొడుక్కుని చూసుకుని పోయేవాళ్లే కాబట్టి, ఆయన అంగట్లో అరిగేది అద్దం ఒక్కటే.

ఇంత వైభవం నడుస్తుండగా, ఆ మధ్య నా పార్సిలు కోసం పోతే రహమత్‌బీ ఏమందో తెలుసా?

"అన్నా, పొద్దున్నుంచి బోణీ కాలేదు. అంగడి ఎత్తేద్దామనుకుంటాండా."

"ఏంది రహమతా, ఊరంతా నీ అంగడికే వస్తాంటే!"

"వస్తాండారన్నా. శానామంది వస్తాండారు. కొనేవాళ్లే రాల్యా."

చిన్న వ్యాపారులు ఎందుకు పైకి రారో అప్పుడర్థమైంది. అమ్మాలనే యావ! నేను అక్కడే నిలబడి విజయ సూత్రాలు చెప్పాను. పార్సిళ్లు నలగకుండా బీరువా చేయించమన్నాను. ఆదివారం డెలివరీలు ఎక్కువ కాబట్టి ఆదివారం కూడా తెరవమన్నాను. అన్నీ విని, నా పార్సిలు మీది దుమ్ము కొంగుతో తుడిచి ఇచ్చింది.

పోయిన వారం మా అమ్మాయి వైష్ణవికి సీమంతం. గాజులు ఆన్‌లైన్లోనే తెప్పించాను. ముత్తైదువలొచ్చి కూర్చున్నారు. అంతలో షహబాజ్ ఫోను.

"సార్, రహమత్‌బీ అంగడికి బీగం ఏసుండాది. మీ పార్సిలు యాడ ఇయ్యల్ల?"

బయటికొచ్చి చూస్తే నిజమే. షట్టరు దించేసి ఉంది, పైన బోర్డు కూడా లేదు. పార్సిలు నేనే తెచ్చి ఇచ్చాను. నెలలు నిండుతున్న పిల్ల, చేతులు వాచి ఉన్నాయి. మొదటి గాజు ఎక్కలేదు. రెండోది బలవంతాన తోస్తే పుటుక్కుమంది. సీమంతం నాడు గాజు చిట్లితే పేరంటాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏందయ్యా అట్ల చూస్తాండావు? పోయి రహమత్‌బీని పిల్చకరాపో!" అని అరిచింది మా ఆవిడ శకుంతలమ్మ.

పోయాను. ఎక్కడికని? ఆమె వేంపల్లెలో కూతురి దగ్గరికి పోయిందని ఒకరన్నారు. కాదు, ఖాజీపేటలో చెల్లెలి దగ్గరికని ఇంకొకరు. ఫోన్ చేద్దామంటే, మా వీధిలో అందరి నంబర్లూ ఆమె దగ్గరున్నాయి. ఆమె నంబరు మాలో ఒక్కరి దగ్గరా లేదు.

కాబట్టి పాఠకులారా, ఆమె ఎక్కడుందో తెలిసినవాళ్లు దయచేసి నాకొక ముక్క రాయండి. మా అమ్మాయి చేతులు ఇంకా బోసిగానే ఉన్నాయి.

నా అడ్రసంటారా? రహమత్‌బీ గాజుల అంగడి ఎదురు, ప్రొద్దుటూరు.