ఊపిరి తగిలితే లేచే ముల్లు

2004 మార్చిలో ఒక సోమవారం ఉదయం, గుంటూరు దగ్గరి ఒక ఫిజిక్స్ ల్యాబులో ఆశ్రిత తలపెట్టిన పని చాలా చిన్నది. గాజు పలక మీద తను పూసిన పొరలోకి కరెంటు పంపి, మీటరు ముల్లును పది నిమిషాలు కదలకుండా నిలబెట్టాలి. ఆ తర్వాత పక్కన తడిగుడ్డ పెట్టి, ముల్లు లేవడం చూపించాలి.

పత్తిచెట్టులా కొమ్మకు రెండు కొమ్మలుగా చీలుతూ పోయే అణువులతో చేసిన పొర అది. తడి తగిలితే అందులో కరెంటు పెరుగుతుందన్నది ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం. రెండేళ్ల కష్టం. గైడు అనంతపద్మనాభం గారికి మాత్రం అది ఉత్త మీటరు జబ్బు.

"ఎక్స్‌టర్నల్ మేడమ్ ముందు ముల్లు ఊగిందంటే ఆ చాప్టర్ తీసేస్తున్నాం," అన్నారాయన.

"ఊగదు సార్. నేను తియ్యను కూడా," అంది ఆశ్రిత.

పదకొండింటికి పరీక్షకురాలు కామేశ్వరి గారు వచ్చి దూరంగా కుర్చీలో కూర్చున్నారు. ముల్లు బుద్ధిగా ఉంది. సరిగ్గా చూద్దామని గైడు గారు పలక మీదికి వంగారు. ముల్లు లేచింది.

"చూశావా, లూజ్ కాంటాక్ట్," అంటూ ఆయన ఇంకాస్త వంగారు. ముల్లు ఇంకాస్త లేచింది.

వైర్లు బిగించడానికి అటెండరు అంకయ్య తలదూర్చాడు. ముల్లు మరో నాలుగు గీతలు ఎగబాకింది. ఎలక్ట్రీషియన్ పీరును పిలిపించారు. "ఎర్తింగ్ లేదండీ," అని అతనూ వంగాడు. పక్క ల్యాబు వాళ్లు ముగ్గురు, అడగకపోయినా సలహాలు పట్టుకుని వచ్చారు. అంతలో యార్డుకు పోయే మిర్చి లారీ ఒకటి కిటికీ పక్కనుంచి వెళ్లింది. ల్యాబులో ఉన్న ఎనిమిది మందీ ఒక్కసారే తుమ్మారు. ముల్లు చివరి గీతకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"తీసెయ్యమ్మా నాలుగో చాప్టర్," అన్నారు గైడు గారు ముక్కు తుడుచుకుంటూ.

ఆశ్రితకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే అసలు సంగతి తట్టింది.

"అందరూ బయటికి నడవండి."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీతోనే సార్. మీటరుకు ఏ రోగమూ లేదు. మీ అందరి ఊపిరిలో ఉన్న తడి అది. మేడమ్, మీరొక్కరే ఉండండి, అక్కడే."

గైడు గారితో సహా అందరినీ గుమ్మం దాటించి గడియ పెట్టేసింది. డిగ్రీ పోతే పోయింది, అధ్యాయం మాత్రం పోదనుకుంది.

బయట తలుపు బాదుతున్నారు. లోపల ముల్లు మెల్లగా దిగి, మొదటి గీత దగ్గర ఆగింది. పది నిమిషాలు కదల్లేదు. కామేశ్వరి గారు గడియారం చూసుకుని, లేచి వచ్చి, పలక మీద ఉఫ్ మని ఊదారు. ముల్లు లేచింది. అది దిగేదాకా ఆగి మళ్లీ ఊదారు. మూడోసారి సరదాకి ఊదారు. తడిగుడ్డ అవసరం రాలేదు.

తలుపు తీశాక ఆవిడ గైడు గారితో అన్నారు: "మొదటి మూడు చాప్టర్లు ఎవరైనా రాస్తారండీ. థీసిస్ అంటే ఈ నాలుగోదే."

అనంతపద్మనాభం గారు పలక వైపు ఒక అడుగు వేశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఒకసారి నేనూ ఊదనా అమ్మా?" అన్నారు.

"సంతకం పెట్టాక ఊదండి సార్," అంది ఆశ్రిత.

మర్నాడు ల్యాబు తలుపు మీద ఒక కాగితం కనిపించింది: 'లోపల ఊపిరి పీల్చుకోవచ్చు, వదలరాదు.'