బ్రేకు మాస్టారి గగనారోహణము

వినుడు, సెలవులకు వచ్చిన సమస్త జనులారా, వినుడు! సహస్రకిరణుడు తూర్పుకొండల భుజముల మీదికి బద్ధకముగా ప్రాకి, పొగమంచు దుప్పటిని మడత వెంట మడతగా లాగివేయుచుండగా, దేవదారువృక్షశాఖాంతరాళములందు పక్షికులము కలకలారావములు సలుపుచుండగా, టికెట్ల కిటికీ ముందు విహారయాత్రికసమూహము టోపీలతో, నల్లకళ్ళద్దములతో, ఏడ్చు పిల్లలతో వంకరటింకరగా బారులు తీరియుండగా, ఆ పర్వతపాదమందలి, ఇనుపతాటి మీద కుర్చీలు కొండెక్కు చెయిర్‌లిఫ్టు ప్రాంగణమున జరిగిన ఒకానొక మహాసంగ్రామమును మీకు చెప్పబోవుచున్నాను. ఇందులో రక్తము చుక్కయైనను చిందదు. చెమట మాత్రము ధారాళముగా కారును, చేతిరుమాళ్ళు దగ్గర పెట్టుకొనుడు.

ఈ గాథకు నాయకుడెవరనగా, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నాలుగురోడ్ల కూడలియే రణరంగముగా, పసుపుపచ్చని చిన్నకారే రథముగా, శిష్యుల చేత స్టీరింగును, తన కాలి కింద రెండవ బ్రేకును ధరించి, చతుష్పథమధ్యమున గేరు మరచి బిక్కచచ్చిపోయిన శిష్యశిష్యురాండ్రను ఎందరెందరినో గట్టెక్కించినవాడు. ఎదురుగా లారీ దూసుకువచ్చినను కనురెప్ప ఆర్పని లారీగర్వభంజనుడు, ఆటోసమూహధిక్కారి. ఊరంతయు ఆయనను బ్రేకు మాస్టారనియే పిలుచును. ఏలననగా ఆయన పాదము సర్వకాలసర్వావస్థలయందును బ్రేకు మీదనే యుండును. ఇంట సోఫాలో కూర్చుండి టీవీలో కార్లపందెము చూచునప్పుడు సైతము మలుపు వచ్చిన చాలు, కాలు నేలను గట్టిగా తొక్కును. కింది వాటావారు రెండుమార్లు వచ్చి అడిగి పోయిరి.

అట్టి ధీరోదాత్తునకు లోకమున ఒక్కటే శత్రువు. దాని పేరు ఎత్తు. బల్బు మార్చుటకు స్టూలెక్కినచో ఆయన మోకాళ్ళు రెండును ఒకదానికొకటి నమస్కారములు చేసుకొనును. మేడ మీద బట్టలారవేయుమన్నచో పిట్టగోడకు బారెడు దూరమున నిలిచి, చొక్కాలను తీగ మీదికి విసరును. అందుచేత ఏ విహారయాత్రకు పోయినను, కుటుంబమంతయు పైకెక్కి కేరింతలు కొట్టుచుండగా, మన మహావీరుడు కింద బెంచీ మీద, సంచుల మధ్య, పెద్ద సంచి వలె కూర్చుండును. ఇన్నేళ్ళుగా ఆయన అలంకరించిన పదవి ఇదియే, దీనికి పోటీ వచ్చినవాడు లేడు.

ఆ ఉదయమున కూడ ఆయన అలవాటు చొప్పున నీడపట్టున నున్న బెంచీ వైపు అడుగులు వేయుచుండగా, భార్య టికెట్లు చేతబట్టుకొని దారికి అడ్డముగా నిలిచెను.

"ఎక్కడికండీ?"

"సంచులు చూసుకోవద్దూ?"

"సంచులు హోటల్లోనే పెట్టి వచ్చాం. కావాలనే పెట్టించా."

మన వీరుని ముఖము పాలిపోయెను. కోట గోడ కూలిన రాజు కూడ అంత నిస్సహాయముగా చూచియుండడు. ఆమె ఒక్క అడుగు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పెను.

"పెళ్ళైనప్పట్నుంచీ అడుగుతున్నాను. ఒకసారి నా పక్కన తమ్ముడు కూర్చుంటాడు, ఒకసారి అమ్మాయి కూర్చుంటుంది, ఒకసారైతే ముక్కూమొహం తెలియని ఆవిడెవరో కూర్చుంది. మీరు మాత్రం ఎప్పుడూ కిందే. ఇవాళ కూడా రానంటే సరే, బలవంతం లేదు. కోపం కూడా తెచ్చుకోను. కానీ ఇంకెప్పుడూ అడగను."

అయ్యయ్యో! కోపము తెచ్చుకొన్నను ఎంతో బాగుండెడిది. కోపమునకు ఆయన వద్ద మందులున్నవి: రెండు సినిమా టికెట్లు, ఒక పూట వంట, మూడుమార్లు క్షమాపణ. ఇక అడగననుటకు మాత్రము ఏ దుకాణమునను మందు దొరకదు. ఆ సంగతి ఆయనకు గుండెలో గుచ్చుకొన్నట్లు తెలిసిపోయెను. అంతట ఆ నరశ్రేష్ఠుడు లోలోపల తన జానుద్వయమును ఉద్దేశించి ఇట్లు గర్జించెను: "ఓ మోకాళ్ళారా! నా ఉప్పు తిని, నా ప్యాంట్లలో పెరిగి, నేడు శత్రుసమక్షమున మీరిట్లు గజగజ వణకుట మీకు తగునా? నిలువుడు! నిలిచి కీర్తిని గొనుడు! లేనిచో ఈ జన్మకు మిమ్ము సోఫా నుండి లేవనీయను!" ఇంతటి మహాభాషణము లోపల మ్రోగినను, నోటి వెంట బయటికి వచ్చినది మాత్రము ఇదియే:

"సరే. కానీ నేను మధ్యలో కూర్చుంటా."

"ఉన్నవే రెండు సీట్లండీ. మధ్య ఎక్కణ్ణుంచి తెస్తాను?"

ముందు కుర్చీలో ఆమె తమ్ముడు, మేనకోడలిని పక్కన కూర్చుండబెట్టుకొని అప్పుడే గాలిలోకి లేచుచు, వెనుకకు తిరిగి కేకవేసెను. "బావగారూ! లైసెన్సు తెచ్చుకున్నారా?"

బావమరుదుల నోళ్ళకు బ్రేకు కనిపెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. మన వీరుడు నేల మీద గీచిన పసుపుగీత వద్దకు పోయి, అలవాటు చొప్పున ఎడమ వైపున, బోధకుని స్థానమున నిలిచెను. అచ్చటి కాపలా మనిషి, రోజంతయు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో, "గీత మీదే నిలబడండి. వెనక్కి చూడొద్దు. కుర్చీ తగలగానే కూర్చోండి," అనెను.

"వెనక్కి చూడొద్దా?" మాస్టారి వృత్తిధర్మము భగ్గుమనెను. "వెనకాల ఏమొస్తోందో చూడకుండా బండెక్కమంటాడేంటి? ఒక అద్దమైనా పెట్టాలి కదయ్యా ఇక్కడ..."

ఆ వాక్యము పూర్తి కాలేదు. ఘోరలోహాంగమును, నిరంతరభ్రమణశీలమును, దయాదాక్షిణ్యవిరహితమును నగు ఆ ఆసనము వెనుక నుండి వచ్చి, ఆయన మోకాలిమడతల మీద ఒక్క గదాప్రహారము గావించెను. ఆయన కూర్చుండలేదు, కూర్చుండబెట్టబడెను. ఇనుపకడ్డీ ఒడి మీదికి దిగెను. భూదేవి, ఇన్నేళ్ళు ఆయనను పాదముల కింద భరించిన తల్లి, మాటమాత్రమైనను చెప్పకుండ జారుకొనెను. ఆయన పది వేళ్ళతో కడ్డీని పట్టుకొని, కన్నులు గట్టిగా మూసుకొనెను.

"కళ్ళు తెరవండి, ఎంత బాగుందో!"

"తెరిచే ఉన్నాయి."

"నాకు కనిపిస్తోంది లెండి."

అట్లు కొంతదూరము సాగిరి. చల్లని గాలి చెవులను తడుముచుండెను. కింద నెచ్చటనో ఏటి చప్పుడు వినవచ్చెను. అది ఎంత కిందనున్నదో లెక్కకట్టకుండుటకై ఆయన ట్రాఫిక్ గుర్తులన్నింటిని మనసులో వల్లెవేయుచుండెను. దారి ఇరుకు, వంతెన ఉన్నది, హారన్ మోగించరాదు. ఇంతలో కుర్చీ మొదటి ఇనుపస్తంభమును చేరి, పైచక్రముల మీద గడగడగడమని దడదడలాడెను. అయ్యలారా, అమ్మలారా! ఆ శబ్దము విన్న తత్‌క్షణమే, ఏళ్ళ తరబడి ఎందరి ప్రాణములనో నిలిపిన ఆ దక్షిణపాదము తన స్వధర్మమును తాను నిర్వర్తించెను. తొక్కెను! బలముకొలది బ్రేకు తొక్కెను! బ్రేకు లేదు. ఉన్నది గాలి. ఆ తొక్కుడునకు కాలి చెప్పు ఊడి, గిరగిర తిరుగుచు, దేవదారువృక్షముల నడుమ అంతర్ధానమయ్యెను.

సరిగా ఆ నిమేషముననే చెయిర్‌లిఫ్టు ఆగిపోయెను.

అసలు జరిగినదేమనగా, కింద పసుపుగీత వద్ద ఒక పెద్దావిడ కూర్చుండబోయి జారి కూలబడగా, కాపలా మనిషి మీట నొక్కి యంత్రమును నిలిపెను. ఆవిడకు దెబ్బ తగలలేదు, మీరు బెంగపడకుడు. కాని గగనమధ్యమున వ్రేలాడువారికి ఈ కబురు ఎవరు చేరవేయుదురు?

"బావగారూ, మీరేనా బ్రేకేసింది?" ముందు కుర్చీ నుండి కేక వినవచ్చెను.

"నాన్నా, నీ చెప్పు పడిపోయింది!" కుమార్తె పగలబడి నవ్వుచుండెను.

మన వీరుడు కన్నులు తెరవకయే, నమ్మలేనట్లు, "పడిందా బ్రేకు?" అని గొణిగెను. ఒక్క క్షణము, ఒకే ఒక్క క్షణము, ఆ ముఖమున వృత్తిగర్వము తళుక్కుమనెను. అంతలో కుర్చీ ముందుకును వెనుకకును ఊగనారంభించెను. గర్వము గాలిలో కలిసిపోయెను. "ఆపితే ఆపాను గానీ," అని ఆయన ఏడుపుగొంతుతో అనెను, "మళ్ళీ స్టార్ట్ చేసేదెలాగే!"

భార్య నవ్వునని ఆయన ఎదురుచూచెను. నవ్వు వినబడలేదు. బదులుగా ఒక చెయ్యి వచ్చి ఆయన చొక్కా చేతిని పట్టుకొనెను. ఆ చెయ్యి మంచుముక్క వలె చల్లగా ఉండెను. ఆశ్చర్యపడి మన వీరుడు ఒక కన్ను, ఎడమది కాదు, ఆమె వైపునున్న కుడిది, సన్నగా తెరిచి చూచెను. చూడగా, ఇన్నేళ్ళు తనను పిరికివానిగా లెక్కించుచున్నదని తాననుకొన్న ఆ ధీరవనిత, కన్నులు రెండును గట్టిగా మూసుకొనియుండెను.

"నువ్వు కూడానా?" అనెను ఆయన.

"నాకూ భయమేనండీ. ఎప్పుడూ భయమే. కదులుతున్నంతసేపూ ఎలాగో ఓర్చుకుంటాను. ఆగిందా, ప్రాణం పోతుంది."

"మరెందుకు ఎక్కుతావు?"

"పైన బాగుంటుందిగా! తమ్ముడి చెయ్యి పట్టుకుంటే ఏడాదంతా ఏడిపిస్తాడు. అమ్మాయి ముందు భయపడితే అదీ ఎక్కదు. మీరైతే నవ్వరు. అందుకేగా ఇన్నేళ్ళూ రమ్మని మీ ప్రాణం తీశాను."

ఆ మాటతో ఆయనకు సిగ్గు వేసెను, జాలి వేసెను, ఆమె మీద పట్టరాని ప్రేమయు కలిగెను. ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని బెంచీల మీద కూర్చుండి, ఒక్కమారైనను "నీకు భయం లేదా?" అని అడుగలేదు గదా తాను! పరాయి పిల్లలకు ధైర్యము చెప్పి జీతము పుచ్చుకొను మనిషి, ఇంటిమనిషిని గాలికి వదిలివేసెను. అంతట ఆయన నోట, కూడళ్ళయందు ఎందరి వణకునో మాన్పిన ఆ గంభీరస్వరము తనంత తానే వెలువడెను.

"ఏం కాదు. చేతులు బిగించకు. భుజాలు దించు. ఊపిరి వదులు. ఇప్పుడు కళ్ళు తెరిచి దూరంగా చూడు. బండి ముందు చూడకూడదు, రోడ్డు చివర చూడాలి."

ఆమె చూచెను. చెప్పినవాడు చూడకుండుట ధర్మము కాదు గనుక ఆయనయు చూచెను. ఎదుట కొండ, కొండ మీద మబ్బు, మబ్బు అంచున ఎండ. ఇద్దరును నోరు తెరుచుకొని యుండగా, ఎచ్చటనో మీట మరల నొక్కబడి, కుర్చీ ఒక్క కుదుపుతో కదిలెను. ఈమారు మాస్టారి కాలు బ్రేకు తొక్కలేదని చెప్పను. తొక్కెను. కొంచెము మెల్లగా తొక్కెను.

శిఖరమున దిగు ఘట్టము వర్ణనాతీతము గనుక వర్ణింపను. కుంటుచు, గెంతుచు, కాపలావాని భుజము మీద వ్రాలి దిగెనని మాత్రము తెలిసికొనుడు. బావమరిది ఫొటో తీసెను. ఆ చిత్రమున మన వీరుడు ఒంటిచెప్పుతో, సూచనబోర్డు స్తంభమును కౌగిలించుకొని, విజేత వలె నవ్వుచుండును. అటుపిమ్మట భార్య ఆయన చెంతకు వచ్చి, దయతో పలికెను.

"కిందికి మెట్లదారి ఉందటండీ. నేనూ మీతో నడిచి వస్తాను. ఎక్కారు, నాకు అది చాలు."

మన వీరుడు మెట్ల వైపు చూచెను. రాతిమెట్లు, గట్టివి, కదలనివి, సాక్షాత్తు మోక్షమార్గము. పిమ్మట కుర్చీల వైపు చూచెను. ఎక్కునప్పుడు కొండ ఎదుట నుండును, దిగునప్పుడు ఎదుట నుండునది ఉత్త శూన్యము. ఆయన వివాహమైన నాటి నుండి ఎన్నడును పలుకని మాటను పలికెను.

"కుర్చీలోనే వెళ్దామా? నా పక్కన కూర్చుంటావా?"

ఆమె ఆయన ముఖములోనికి తేరిపార చూచెను. ఆ చూపునకు తట్టుకొనలేక ఆయన తొందరగా అందుకొనెను. "అది కాదూ, ఒంటిచెప్పుతో అన్ని మెట్లు ఎలా దిగను చెప్పు?"

చెప్పుల దుకాణము పది అడుగుల దూరమున, రంగురంగుల తోరణములు కట్టుకొని కళకళలాడుచుండెను. ఆయనకు కనబడెను. ఆమెకును కనబడెను. ఇద్దరును చూడనట్లే దానిని దాటి నడిచిరి.

అవరోహణము మొదలయ్యెను. కాళ్ళ కింద లోయ నోరు తెరిచెను. ఆమె ఆయన మోచేతిని, ఆయన పది వేళ్ళతో కడ్డీని పట్టుకొని, దూరముగా చూచుచు, ఊపిరి వదులుచు, స్తంభము వెంట స్తంభమును గెలుచుకొనుచు వచ్చిరి. కడపటి స్తంభము దాటగా, సరిగా పాదముల కింద, బొమ్మల అంగడి వలె, వాహనములు నిలుపు స్థలము కనబడెను. అందొక తెల్లని వ్యాను, రెండు కార్ల నడుమ సందులోనికి రివర్సు తీయుచుండెను.

"అయ్యో, వీడెవడే!" మాస్టారు ఉలిక్కిపడెను. "కుడికి తిప్పుతాడేంటి? గీసేస్తాడు, గీసేస్తాడు! ఒరేయ్, ఎడమకి! ఎడమకి కొట్టు! అద్దం చూడవయ్యా, అద్దం! ఆఁ... అలా... ఇప్పుడు నిటారు చెయ్యి!"

ఆ మహోద్రేకమున ఆయన నడుము వరకు ముందుకు వంగెను. రెండు హస్తములును కడ్డీని వీడెను! గాలిలో కనబడని స్టీరింగును పట్టుకొని ఎడమకును కుడికిని తిప్పుచుండెను! ముందు కుర్చీలో బావమరిది వెనుకకు తిరిగి, ఆ అద్భుతమును కాంచి, కేకవేయుటకు నోరు తెరిచెను. భార్య వెంటనే పెదవుల మీద వేలు పెట్టి, కన్నులతోనే తమ్ముని శాసించెను. అతడు నోరు మూసుకొనెను. ఇదియును చరిత్రలో మొదటిమారే.

దిక్కులారా, వినుడు! పర్వతములారా, సాక్ష్యము చెప్పుడు! లారీగర్వభంజనుడు, ఒంటిచెప్పువిరాజితుడు, మన బ్రేకు మాస్టారు, అభ్రపథమధ్యమున నిలువునా కిందికి చూచుచు, నిరాధారహస్తుడై, ఒక తెల్లని వ్యానును గీత పడకుండ సందున పెట్టించెను. జయము, జయము! వ్యాను నిలిచెను. డ్రైవరు దిగి, ఆకసమున ఒక గురువున్నాడని ఎరుగకయే, తాళము వేసికొని పోయెను. మాస్టారు తృప్తిగా నిట్టూర్చెను.

"అలా తియ్యాలి రివర్సు," అని భార్యతో అనెను. ఆయన చేతులు రెండును ఇంకను గాలిలోనే యుండెను.

చేతులు కడ్డీని వదలిన సంగతి ఆమె చెప్పలేదు. "ఆ పక్కన ఎర్ర కారు కూడా తీస్తున్నట్టున్నాడు, చూడండి," అనెను.