జలుబు ఇచ్చిన వేషం

పెళ్ళయిన పదకొండో రోజు ఉదయం. భర్త పొర్ఫీరీకి వేడి అట్లు నాలుగు పెట్టి, మెడకు తన శాలువా చుట్టి, పదింటికల్లా నాటకశాలకు పంపాలని గ్లఫీరా ఆలోచన. కొత్త ఒపెరాకు ఆ రోజే గాయకుల ఎంపిక. పొర్ఫీరీది మధ్యస్థాయి గొంతు. అడగబోయేది వర్తకుడి కొడుకు వేషం. ఇన్నాళ్ళూ బృందగానంలో వెనక వరుసలో నిలబడ్డవాడికి ఇదే మొదటి అవకాశం.

"గ్లాషా, టీ," అన్నాడతను, భార్యను ముద్దుపేరుతో పిలుస్తూ. మాట నేలమాళిగలోంచి వచ్చినట్టుంది. జలుబు!

"అబ్బ, ఎంత బాగుందో! ఇంకోసారి అను!" అని చప్పట్లు కొట్టింది గ్లఫీరా. తనూ పాట నేర్చుకుంటున్న పిల్లే.

ఎంపికలో ఆ గొంతు సంగీత నిర్దేశకుడు యెవ్లాంపీ సావిచ్‌కీ తెగ నచ్చింది. మంద్రస్థాయి గాయకులకే దక్కే ముసలి సన్యాసి వేషం అక్కడికక్కడే ఇచ్చేశాడు.

నాలుగో రోజుకి జలుబు తగ్గింది. మంద్రం దాని వెంటే వెళ్ళిపోయింది.

"నిజం చెప్పేస్తాను," అన్నాడు పొర్ఫీరీ.

"చెప్పి మళ్ళీ వెనక వరుసకి పోతావా? పోయింది జలుబేగా, తెచ్చుకుందాం!"

పడకగది కిటికీ బార్లా తెరిచింది. పెరట్లో ఆవిరి స్నానం చేయించి మంచులో దొర్లమంది; తువ్వాలు పట్టుకుని తనూ మంచులోనే నిలబడింది. అతని బుగ్గలు బీట్‌రూట్ దుంపల్లా మెరిశాయి. గొంతు ఇంకా పైకెక్కింది. అటుగా పోతున్న యెవ్లాంపీ సావిచ్ బండి ఆపించాడు.

"ఒరే నాయనా, ఏమిటీ పని?"

"వేషం కోసమండీ! సన్యాసి కదా, శరీరాన్ని శిక్షించుకుంటున్నాడు," అనేసింది గ్లఫీరా.

ఆయన కళ్ళు చెమర్చాయి. సంగతి విని ఆ ఒపెరా స్వరకర్త కరిగిపోయి, సన్యాసి చనిపోయే ముందు పాడేందుకు మరో పాట రాశాడు. ఇంకో రెండు మెట్లు కిందికి.

సాధన రోజున పొర్ఫీరీ ఆ కాగితం మూసేశాడు. "క్షమించండి. ఎంపిక రోజున నాకు జలుబండీ. ఇది నా గొంతుకి అందదు."

వెనక బల్ల మీద కూర్చుని వింటున్న గ్లఫీరా కళ్ళు మూసుకుంది. స్వరకర్త తన కాగితాలు తిరగేశాడు.

"అందే చోటే పాడు," అన్నాడు చివరికి.

పాడాడు. చావబోయే ముసలివాడి పాటలో, బతకాలనుకునే కుర్రవాడు వినిపించాడు.

స్వరకర్త కలం ముంచాడు. "అసలు సన్యాసి ముసలివాడేనని ఎవడన్నాడయ్యా?"

"తమరేనండీ," అన్నాడు యెవ్లాంపీ సావిచ్.

"తప్పంతా నాదేనండీ!" అని ఆనందం పట్టలేక లేచింది గ్లఫీరా. ఆ మాట బావి అడుగునుంచి వచ్చినట్టు మోగింది. అన్ని తలలూ తిరిగాయి.

"ఏ గొంతమ్మా ఇది! సన్యాసి తల్లి వేషం ఇంకా ఖాళీగానే ఉంది!" అన్నాడు స్వరకర్త.

గ్లఫీరా ముఖం వెలిగిపోయింది. నిజం రుచి అప్పుడే మరిగిన పొర్ఫీరీ వినయంగా అన్నాడు: "అదీ జలుబేనండీ."

కాపురంలో అంత నిజం అతను మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు.