చిగుళ్ళలో కాపురం

మన ల్యాబ్ టెక్నీషియన్‌గారు ఒక్క మాట నోరు జారి పడకగది పోగొట్టుకున్నారు. మనుషుల చిగుళ్ళ సందుల్లో బతికే కంటికి కనిపించని జీవులను లెక్కపెట్టడం, వాటిలో ఏవి ఏ వంశానివో తేల్చడం ఆయన పని. ఆ పనిని ల్యాబులోనే వదిలేసి రావచ్చు కదా! ఒకనాడు భార్యను ముద్దు పెట్టుకోబోతూ మధ్యలో ఆగి, "తెలుసా, మేం చూసిన వందమందిలో నలభైమంది నోళ్ళలో ఇవి ఉన్నాయి. ముద్దులతో కూడా అంటుకుంటాయట" అన్నారు.

ఆవిడ ఆయన దిండు తీసుకెళ్ళి ముందుగదిలో పడేసింది.

రెండు నెలలు గడిచాయి. ఇల్లు ఒకటే, భోజనాల బల్ల ఒకటే. అయినా ఆవిడ మెడ దగ్గరి సబ్బు వాసన కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఆవిడ దుప్పట్లు ఆరేస్తుంటే పనేమీ లేకపోయినా అటూ ఇటూ తిరిగేవారు.

"నా నోట్లో ఏమీ లేవని రిపోర్టు తెస్తే?" అన్నారు చివరికి.

"తెండి, చూద్దాం."

"అయితే నువ్వూ శాంపిల్ ఇవ్వాలి."

ఇచ్చింది. రోజుకు మూడుసార్లు పళ్ళు తోముకునే మనిషి నోట్లో ఏముంటాయి? అందుకని ఆవిడ సీసాకు తన నంబరు నలభై ఒకటి, తన సీసాకు ఆవిడ నంబరు నలభై రెండు అతికించి మురిసిపోయారు.

రిపోర్టు వచ్చింది. నలభై రెండులో ఒక్క పురుగూ లేదు. నలభై ఒకటిలో రెండు వంశాలు పిల్లాపాపలతో కాపురం ఉంటున్నాయి.

"ఒక వంశం చాలలేదా మీకు?" అంది ఆవిడ. "ఇవాళ్టి నుంచి గ్లాసు కూడా వేరే."

అవి నీవే అని ఎలా చెప్పడం? ఆవిడ సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఊహించుకుని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారు.

పది రోజులకు ఇక ఉండబట్టలేదు. "ఏమోయ్, పక్కన కూర్చోనా?"

"వద్దు. నలభై ఒకటి నాది కదా."

"నీకెలా తెలుసు?"

"పదేళ్ళుగా టైలరింగ్ షాపులో ప్రతి బట్టకూ నంబరు చీటీ కుడుతున్నదాన్ని. నా సీసా మీద ఎవరి చీటీ పడిందో చూడననుకున్నారా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీకేవో ఉన్నాయి, దాచుకుంటున్నారు, పాపంలే అనుకున్నాను. తీరా చూస్తే నాకే ఉన్నాయి. నిజం చెప్పి బయటపడతారేమోనని చూశాను. మాటలు పడ్డారు గానీ చెప్పలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "నిన్న వెళ్ళి చిగుళ్ళు శుభ్రం చేయించుకున్నాను. వారం తర్వాత మళ్ళీ పరీక్ష. అవి మీకు అంటకూడదనే దూరం పెట్టాను."

"అంటితే అంటనీ!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచారు.

"కూర్చోండి. వారం ఓపిక పట్టలేరా?"

"వారమా! నీకేం, నువ్వు ఎన్నాళ్ళయినా ఉండగలవు."

"ఉండగలిగితే," అంది ఆవిడ తల వంచుకుని, "పని మధ్యలో వదిలేసి నిన్న డాక్టరు దగ్గరికి ఎందుకు పరిగెడతాను?"