బేరమాడి కొన్న కావడి

భక్తులు స్వామికి కావళ్లు మోసే ఆడికృత్తిక నాడు బడులకు సెలవు. తిరుత్తణిలో ఆ రోజు జనమంతా కొండ మీదే ఉంటారు గనుక, పాతసామాన్ల అంగట్లో బేరం బాగా కుదురుతుందని బియ్యం వ్యాపారి గుర్నాథం లెక్క వేశాడు. మనవడు గుహన్‌నూ మనవరాలు శ్రీవాసవినీ వెంటబెట్టుకుని, వాళ్లు చదువుకోవడానికి ఒక బల్ల కొందామని పొద్దున్నే బయలుదేరాడు.

కొండ జోలికి మాత్రం ఆయన వెళ్లడు. కొన్నేళ్ల కిందట ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, భర్త చేత కావడి మోయిస్తానని మీనాంబ మొక్కుకుంది. మొక్కు ఆమెది, మోకాళ్లు ఈయనవి. ఏటా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాడు. పోయినేడు ఆమె అసలు అడగనే లేదు. మరిచిపోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాడు.

అంగట్లో పిల్లలు బల్లల వైపు కన్నెత్తి చూడలేదు. మూలన నెమలి ఈకల కావడి ఒకటి ఉంది.

"తాతా, ఇది కావల. హాల్లో పెట్టుకుందాం," అంది శ్రీవాసవి.

"బల్లకంటే సగం రేటుకే ఇస్తానయ్యా," అన్నాడు అంగడి కేశవన్.

చవక అన్నాక గుర్నాథం నోట వద్దన్న మాట రాదు. ఆ సగంలోనూ కొంత తగ్గించే కొన్నాడు.

బయట పోలీసులు ఆటోలను ఆపేశారు. ఇల్లు రెండు వీధుల అవతలే కదా అని ఆయన కావడిని భుజానికెత్తుకున్నాడు. చేసిన తప్పంతా అదే.

మలుపులో ఒక ముసలామె బిందెతో ఎదురొచ్చి ఆయన పాదాల మీద పసుపునీళ్లు పోసింది.

"ఇది అంగట్లో కొనిందమ్మా," అన్నాడు. కొండకు పోయే భక్తుల అరోగరా కేకల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

"కావడెత్తి చెప్పులేంది సామీ?" అని ఇంకొకాయన వంగి చెప్పులు విప్పించి పట్టుకుపోయాడు. ఇంటి సందులోకి తిరగబోతే పోలీసు అడ్డం వచ్చాడు. "కావడి ఎనక్కి పోగూడదు సామీ. ఇట్ల వాంగ," అని కొండ దారి చూపాడు. దించుదామని వంగితే నలుగురు ఒకేసారి పట్టుకున్నారు.

"నడిమద్దెలో దించితే ఇంటికి మంచిది కాదు సామీ. పైకి పోయినాకనే."

"మా తాతకు దోవ ఇడవండి," అంటూ గుహన్ ముందు నడిచాడు.

సగం మెట్లకే గుర్నాథం దగ్గరున్న తిట్లన్నీ అయిపోయాయి. ఆపరేషన్‌కు తీసుకెళ్లేముందు తన చెయ్యి వదలని మీనాంబ గుర్తొచ్చింది. మోకాళ్ల మీద ఉన్న ప్రేమ ఆమె మీద లేకపోయిందే అని సిగ్గుపడ్డాడు. ఆపైన ఎవరూ తోయకుండానే ఎక్కాడు.

పైన కావడి దించి ఇంటికి ఫోన్ చేశాడు.

"మీనాంబా, నీ మొక్కు తీర్చినా. కావడి మోసినా."

"అది పోయినేడే తీరిపోయిందండీ. మీరు యాడ మోస్తారులే అని నేనే మోసినాను, చెల్లెలింటికి పోతాండానని చెప్పి. మీ కంట పడితే బాధపడతారని ఆ కావడిని పాతసామాన్ల కేశవన్‌కు ఏసేసినాను. మీకు యాడిదండీ కావడి?"

తన కోసం ఆమె ఒక్కతే ఎక్కిన మెట్ల వైపు చూస్తూ, గుర్నాథం పిల్లల ముందే కళ్లు తుడుచుకున్నాడు.

ఒకే మొక్కు రెండుసార్లు ముట్టిందని స్వామి మాత్రం ఏమీ అనలేదు.