పలకని రూటరు

ఆ సాయంత్రం రైలెక్కి భార్యతో సముద్రం చూడబోతున్నాడు కనుక నెట్‌వర్క్ ఇంజనీరు పొద్దున్నే ఆఫీసుకు వచ్చేశాడు. మూడేళ్ళుగా వాయిదా పడుతున్న ప్రయాణం. ఈసారీ తప్పిందంటే ఇంట్లో తనకు పుట్టగతులుండవని అతని భయం. ఆఫీసరు సెలవిచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు. పెద్దాఫీసుకు వెళ్ళే లైను తెగితే, ఎవరూ చెయ్యి పెట్టకుండా రూటర్లే పసిగట్టి రెండో లైనుకు మారిపోవాలి.

అదేం బ్రహ్మవిద్య కాదు. ఇవతలి రూటరు అవతలిదాన్ని ఉన్నావా, ఉన్నావా అని అడుగుతూ ఉంటుంది. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే లైను పోయినట్టు లెక్కగట్టి దారి మార్చేస్తుంది. ఎంత గబగబా అడిగితే అంత త్వరగా తెలుస్తుంది కదా అని మనవాడు సెకనుకు ఇరవైసార్లు అడిగేలా పెట్టి చేతులు దులుపుకున్నాడు.

అవతలున్నది ముసలి రూటరు. చేతినిండా పనిలో ఉండగా అన్ని పలకరింపులకు ఊ కొట్టడం దానివల్ల కాలేదు. బతికున్నదాన్ని చచ్చిందని చాటి ఇవతలిది దారి మార్చేది. అంతలో అవతలిది పలికేది. మళ్ళీ పాత దారి. మధ్యాహ్నానికి కంప్యూటర్లూ, ఆ లైనుమీదే నడిచే ఆఫీసు ఫోన్లూ ఆగుతూ సాగుతూ ఉన్నాయి. ఆఫీసరు లైనువాళ్ళను పిలిపించి చీవాట్లు పెట్టాడు. వాళ్ళు వచ్చి, నిక్షేపంలా ఉన్న లైనును విప్పుకుని కూర్చున్నారు.

"ఇది కుదుటపడేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు," అన్నాడు ఆఫీసరు మెల్లగా. ఆయన మెల్లగా అంటే గట్టిగా అన్నట్టే.

ఇంజనీరు సెల్‌ఫోను బల్లమీదే వదిలేసి యంత్రాల గదిలో దూరాడు. భార్య మూడుసార్లు చేసింది. చివరికి ఆఫీసు ఫోనుకు చేస్తే గుమస్తా ఎత్తి, "ఆయన సంగతేం చెప్పమంటారమ్మా, ఇవాళ..." అనేసరికి లైను పోయింది.

సాయంత్రానికి గానీ మనవాడికి అసలు సంగతి తలకెక్కలేదు. అడగడం తగ్గించి, జవాబుకు కాస్త వ్యవధి ఇచ్చాడు. అన్నీ బుద్ధిగా నడిచాయి. ఆఫీసరు మురిసిపోయి సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించాడు. మనవాడికి ప్రాణం లేచొచ్చింది. స్టేషనుకు పరుగెత్తుతూనే ఇంటావిడకు ఫోన్ చేశాడు.

"రైలు కదిలిందండీ," అంది ఆవిడ. "మీరు పలకలేదు. మీ ఆఫీసులో మీ పేరెత్తగానే ఫోన్ పెట్టేశారు. ఇక రారనుకుని మీ సీట్లో మా అమ్మను కూచోబెట్టాను."

"కాసేపు ఆగలేకపోయావా?"

"మూడేళ్ళు ఆగానండీ."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి చేరేసరికి మామగారు చిన్న సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకూ వంట రాదు.