వీపు మీద లేబుల్

ఒక పెద్ద అడవిలో గుంటనక్క రాసిన నిబంధనను ఒక దున్నపోతు తు.చ. తప్పకుండా పాటించింది. అనర్థమంతా అక్కడే జరిగింది.

సింహంగారికి చొక్కాల మోజు పుట్టాక అడవంతా బట్టలు తొడుక్కోవడం మొదలెట్టింది. వెంటనే బట్టల శాఖ పుట్టింది. దానికి అధికారి గుంటనక్క, బంట్రోతు దున్నపోతు గవర్రాజు. ఇద్దరూ దర్జీపిట్ట మాణిక్యం కొట్టుకి తనిఖీకి వచ్చారు.

"ఏమ్మా, ఈ చొక్కాకి లేబుల్ ఏది? మాస్తే ఏం చెయ్యాలో జనానికి ఎలా తెలుస్తుంది?" అంది గుంటనక్క.

"ఆకు చొక్కా సార్. మాస్తే మేక తినేస్తుంది."

"'మేకకు వేయవలెను' అన్నది మా జాబితాలో లేదు. ఉన్నవి రెండే. ఉతకరాదు. ఉతికి ఆరేయవలెను."

"ఉతికితే ఆకులు ఊడతాయి. 'ఉతకరాదు' అని కుడతాను."

"దానికి ఆరోగ్యశాఖ అనుమతి కావాలి. ఆరు నెలలు పడుతుంది. సోమవారంలోగా లేబుల్ లేకపోతే నీ కొట్టుకి సీలు!"

"పోనీ రెండోదే కుడతాను. కాలర్ లోపల కుట్టనా?"

"లోపలుంటే తనిఖీకి ఎలా కనపడుతుంది? వీపు మీద, పెద్ద అక్షరాలతో! అన్నట్టు, సోమవారం సభకి నాకూ ఒక కోటు కుట్టు."

మాణిక్యం కుట్టింది. పెద్ద అక్షరాలతోనే కుట్టింది.

సభలో గుంటనక్క సింహంగారికి వంగి దణ్ణం పెట్టింది. వెనకే నిలబడ్డ గవర్రాజు దాని కోటు వీపు మీది లేబుల్ కూడబలుక్కుని చదివాడు. "ఉ...తి...కి... ఆ...రే...య...వ...లె...ను. ఎవర్నంటావు కోతిబావా?" అని పక్కనున్న కోతిని అడిగాడు.

"ఎవరి వీపు మీద రాసుంటే వాళ్ళనే. గవర్నమెంటు ఆర్డరు మరి!"

గవర్రాజు ఉతికాడు. తర్వాత రేగుకొమ్మ మీద ఆరేశాడు. "పనైపోయింది సార్. రిజిస్టర్లో సంతకం పెట్టండి."

మర్నాడు గుంటనక్క కట్లతో కుంటుకుంటూ కొట్టుకొచ్చింది.

"మాణిక్యమ్మా, నా కోటుకి ఆ లేబుల్ పీకేసి 'ఉతకరాదు' అని కుట్టమ్మా."

"అలాగే సార్. ఆరోగ్యశాఖ అనుమతి తెచ్చుకోండి. ఆరు నెలలేగా!"

ఆ కాగితం చూడకుండా ఏ అధికారి కోటుకీ లేబుల్ మార్చకూడదని మాణిక్యం ఆ పూటే నిర్ణయించుకుంది. ఇప్పటిదాకా ఒక్కటీ మార్చలేదు.

నీతి: నిబంధన మీరేవాడితో భయం లేదు, పాటించేవాడితోనే జాగ్రత్త.